మూడు డిస్కులు, ఒకటే సంఖ్య

ప్రశ్న: నా దగ్గర మూడు హార్డ్ డిస్కులున్నాయి, మూడింటితోనూ తంటానే. డెస్క్‌టాప్‌లో కొత్తగా బిగించిన 4 టీబీ డిస్కులో 2048 జీబీ మాత్రమే వాడుకోగలుగుతున్నాను. మిగతా 1678 జీబీ నల్ల పట్టీ కింద ‘అన్‌ఎలొకేటెడ్’ అని కనిపిస్తుంది, దాన్ని ఏమీ చేయనివ్వదు. ఈ డిస్కులో ఇప్పటికే 1400 జీబీ నింపేశాను. చాలావరకు మళ్ళీ దింపుకోగలిగిన పాఠాల వీడియోలే, ఓ 60 జీబీ మాత్రం ఇంట్లో తీసుకున్నవి. రెండోది 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు. పదేళ్ల ఫోటోలు 380 జీబీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అది ఎఫ్ఏటీ32 అట. 6 జీబీ వీడియో ఒకటి వేయబోతే ఫైలు మరీ పెద్దదంటూ తిప్పికొట్టింది. దీన్ని మ్యాక్‌లో కూడా వాడాలి. మూడోది విండోస్ 10 ఉన్న డిస్కు, ఇందులో 200 జీబీ దాకా ఖాళీ ఉంది. విండోస్ 11 వేసుకోవాలంటే దీన్ని ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలంటున్నారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘కన్వర్ట్ టు డైనమిక్ డిస్క్’ అని ఒకటి కనిపిస్తోంది, అది నొక్కితే సరిపోతుందా? డేటా పోకుండా మూడింటినీ మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చెప్పండి.

జవాబు: ఆ డైనమిక్ డిస్క్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ మూడు సమస్యల్లో ఒక్కదానికీ అది మందు కాదు. విండోస్ 2000తో వచ్చిన పద్ధతి అది. రెండు మూడు డిస్కులను కలిపి ఒకే డ్రైవ్‌గా చూపించడానికి, ఒకదాని నకలు ఇంకోదాని మీద ఉంచడానికి పెట్టారు. ఇప్పుడు మైక్రోసాఫ్టే దాన్ని పక్కన పెట్టి, అదే పనికి స్టోరేజ్ స్పేసెస్ అనే కొత్త పద్ధతి వాడమంటోంది. మామూలు డిస్కును డైనమిక్ చేసేటప్పుడు డేటా ఏమీ పోదు, అందుకే చాలామంది ధైర్యంగా నొక్కేస్తారు. వెనక్కి రావాలంటే మాత్రం విండోస్ అందులోని డ్రైవ్‌లన్నీ తొలగించమంటుంది. పైగా మ్యాక్ ఆ డిస్కును చదవలేదు. మీ 2048 జీబీ గోడ కూడా అలాగే ఉంటుంది.

ఇక అసలు విషయం. మీరు ‘మార్చడం’ అని ఒకే మాట రాశారు గానీ, ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. ఎంబీఆర్, జీపీటీ అన్నవి డిస్కు మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక రకాలు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతదాకా ఉందో చెప్పే హద్దురాళ్ల లాంటివి. ఎఫ్ఏటీ32, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అన్నవి ఆ హద్దుల లోపల ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకునే రిజిస్టర్లు. హద్దురాళ్లు మార్చినా రిజిస్టరు మారదు, రిజిస్టరు మార్చినా హద్దులు కదలవు. మీ 4 టీబీ డిస్కుది హద్దుల సమస్య, ఫోటోల డిస్కుది రిజిస్టరు సమస్య. విండోస్ డిస్కుదీ హద్దుల సమస్యే, కాకపోతే కంప్యూటర్ లేచే పద్ధతి కూడా దానికి ముడిపడి ఉంది. మూడింటికీ ఒకే సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే దొరకనిది ఇందుకే.

ఈ రెండూ వేరైనా, మీ మొదటి రెండు ఫిర్యాదుల వెనుక ఉన్న సంఖ్య మాత్రం ఒక్కటే. దాన్ని ఒకసారి దగ్గరగా చూపిస్తాను, చూశాక ఏ డిస్కుకు ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

డిస్కు తన జాగాను సెక్టార్లు అనే చిన్న చిన్న ముక్కలుగా లెక్కపెట్టుకుంటుంది. ఎంబీఆర్ అంటే డిస్కు మొట్టమొదటి సెక్టార్, 512 బైట్లు. 1983లో ఐబీఎం పీసీ డాస్ 2.0తో వచ్చింది. అందులో పార్టిషన్ల పట్టికకు కేటాయించింది 64 బైట్లే, ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు గళ్లు. ఆ 16 బైట్లలో చివరి నాలుగింటిలో పార్టిషన్ ఎన్ని సెక్టార్ల పొడవో రాస్తారు. నాలుగు బైట్లంటే 32 బిట్లు, వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 429,49,67,295. దాన్ని సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణించండి, విండోస్ లెక్కలో సరిగ్గా మీ 2048 జీబీ వస్తుంది. డిస్కులో లోపమేమీ లేదు. ఆ గడిలో అంతకంటే పెద్ద సంఖ్య రాయడానికి చోటు లేదు, అంతే.

ఇప్పుడు ఎఫ్ఏటీ32 వైపు రండి. అది 1996లో విండోస్ 95 రెండో విడుదలతో వచ్చింది. అందులో ప్రతి ఫైలుకూ ఒక నమోదు ఉంటుంది: పేరు, తేదీ, ఫైలు మొదలయ్యే చోటు, చివర్న పరిమాణం. ఆ పరిమాణానికి ఇచ్చింది కూడా నాలుగు బైట్లే. ఇక్కడ లెక్క సెక్టార్లలో కాదు, నేరుగా బైట్లలో. కాబట్టి 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దగ్గర ఆగిపోతుంది. మీ డిస్కులో 80 జీబీ ఖాళీ ఉన్నా 6 జీబీ వీడియో పట్టకపోవడానికి కారణం ఇదే. దాని పొడవు రాసుకోవడానికి రిజిస్టరులో గడి చాలలేదు.

జీపీటీలో ఆ గళ్లు 64 బిట్లవి. మనం కొనగలిగే ఏ డిస్కూ వాటిని నింపలేదు. విండోస్ అందులో 128 పార్టిషన్లకు చోటిస్తుంది. నాకు అంతకంటే నచ్చే సంగతి ఇంకొకటుంది: జీపీటీ తన పట్టికను డిస్కు మొదట్లో ఒకటి, చిట్టచివర ఇంకొకటి రాసుకుంటుంది, రెండింటికీ సరిచూసుకునే చెక్‌సమ్ కూడా ఉంచుకుంటుంది. ఎంబీఆర్‌లో ఆ ఒక్క సెక్టారు పాడైతే అన్ని హద్దులూ పోయినట్టే. అందుకే డేటా దాచుకునే డిస్కు 2 టీబీ కంటే చిన్నదైనా, కొత్తగా మొదలుపెట్టేటప్పుడు నేను జీపీటీయే పెడతాను.

ఇప్పుడు మీ దగ్గరున్న మూడు డిస్కులతోనే, కొత్తది కొనకుండా పని ముగించవచ్చు. కాకపోతే వరుస తప్పకూడదు. మొదట 4 టీబీ డిస్కు, తర్వాత ఫోటోలది, ఆఖరున విండోస్‌ది. ఎందుకంటే ఫోటోలకు రెండో కాపీ పెట్టడానికి మీకున్న పెద్ద జాగా 4 టీబీ డిస్కే, ముందు అది కుదురుకోవాలి. ఫోటోల డిస్కును అంతవరకూ తీసి పక్కన పెట్టేయండి. పదేళ్ల ఫోటోలు ఒకే ఒక్క డిస్కులో ఉన్నాయని చదవగానే నాకు గుండె జారింది. మీరు అడిగిన మార్పిడి కంటే ఆ రెండో కాపీయే నాకు ముఖ్యం.

4 టీబీ డిస్కులోని ఆ 60 జీబీ ఇంటి వీడియోలను ముందు సి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయకండి, కాపీయే. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య, ‘సైజ్’ అన్న చోట కుండలీకరణాల్లో ఉన్న బైట్ల లెక్క, రెండూ అచ్చంగా కలవాలి. దాని కిందనే ఉండే ‘సైజ్ ఆన్ డిస్క్’ కలవకపోతే కంగారు పడకండి. అది డిస్కు ఎంత పెద్ద ముక్కల్లో జాగా ఇస్తుందో దాన్నిబట్టి మారుతుంది. నాలుగైదు వీడియోలు తెరిచి మధ్యలో కూడా ఆడించి చూడండి.

విండోస్‌లో ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ గానీ, కమాండులు రాసి నడిపే డిస్క్‌పార్ట్ గానీ డేటా ఉన్న డిస్కును ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చవు. అన్ని పార్టిషన్లూ తీసేసి ఖాళీ చేస్తేనే ఆ ‘కన్వర్ట్ టు జీపీటీ’ పని చేస్తుంది. 1400 జీబీ ఎక్కడైనా పెట్టుకునే చోటుంటే అదే సిసలైన దారి: అన్నీ బయటికి తీయడం, డిస్కు ఖాళీ చేసి జీపీటీ చేయడం, తిరిగి వేయడం. మీకు ఆ చోటు లేదు. కానీ మిగిలినవి మళ్ళీ దింపుకోగలిగిన పాఠాలేనన్నారు కాబట్టి ఉన్నచోటే మార్చే పద్ధతిని ఇక్కడ ఒప్పుకుంటాను. ఈ పనికి జీడిస్క్ అనే ఉచిత పరికరం ఉంది, రాడ్ స్మిత్ రాసినది, విండోస్‌లోనూ నడుస్తుంది. జీపీటీకి డిస్కు మొదట్లో 34 సెక్టార్లు, చివర్లో 33 సెక్టార్లు కావాలి. ఈ మధ్యకాలపు విండోస్ మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టారు దగ్గర మొదలుపెడుతుంది కాబట్టి ముందు చోటుంది. మీ డిస్కులో వెనుక భాగమంతా ఖాళీయే. ఇంతకంటే అనువైన డిస్కు ఉండదు.

జీడిస్క్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, డిస్కు సంఖ్య, దాని పక్కన కోలన్ ఇస్తే అది ఎంబీఆర్‌ను చదివి, జీపీటీగా మార్చిన పట్టికను మెమరీలో తయారుచేసి, ఈ పని ప్రమాదకరం కావచ్చని హెచ్చరిస్తుంది. ఆ క్షణానికి డిస్కు మీద ఒక్క బైటు కూడా మారలేదు. ‘పీ’ అక్షరం నొక్కి పట్టిక చూడండి. మొత్తం పరిమాణం 3.6 టీబీ అని, అందులో 2 టీబీ పార్టిషన్ ఒకటి కనిపించాలి. చూసింది మీరనుకున్న డిస్కు కాకపోతే ‘క్యూ’ నొక్కి బయటికి వచ్చేయండి, ఏమీ జరగదు. అదేనని తేలితేనే ‘డబ్ల్యూ’ నొక్కి రాయించండి. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ అంటే వెనుకనున్న 1678 జీబీ వచ్చి కలుస్తుంది. కంప్యూటర్ ఇంకా పాత బయాస్ (స్విచ్ వేయగానే మొదట నడిచి విండోస్‌ను లేపే, మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) పద్ధతిలోనే లేస్తున్నా ఫరవాలేదు. జీపీటీ డిస్కును డేటా కోసం వాడుకోవడానికి అది అడ్డు కాదు.

డిస్కు సంఖ్య దగ్గర ఎందుకింత ఆగి చెబుతున్నానంటే, ఒకప్పుడు నేనే తప్పు చేశాను. ఒకే పరిమాణమున్న రెండు డిస్కులు తగిలించి, డిస్క్‌పార్ట్‌లో ‘సెలెక్ట్ డిస్క్ 1’ అని కొట్టి, ‘క్లీన్’ అన్నాను. అది అడగదు, ఆగదు. ఒక్క క్షణంలో పని విజయవంతమైందని రాసింది. ఖాళీ చేయాల్సింది రెండో నంబరు డిస్కు. నా ముందు ఖాళీ అయింది మా అక్కయ్య తన పిల్లల వీడియోలు దాచుకోమని నాకిచ్చినది. ఆ క్లీన్ పట్టికను మాత్రమే చెరుపుతుంది, లోపలి ఫైళ్లను చెరపదు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత పరికరంతో పాత పార్టిషన్‌ను వెతికి పట్టుకోగలిగాను, ఆ తర్వాత ఒక్క ఫైలు కూడా దాని మీద కొత్తగా రాయలేదు కాబట్టి అన్నీ దొరికాయి. అది తేలేసరికి తెల్లవారింది. ఆ రాత్రి నుంచి ఇలాంటి పని చేసేటప్పుడు అక్కర్లేని డిస్కుల కేబుళ్లు పీకేశాకే కీబోర్డు ముట్టుకుంటున్నాను. ఫోటోల డిస్కును పక్కన పెట్టమన్నదీ అందుకే.

4 టీబీ డిస్కు నిలబడ్డాక ఫోటోల డిస్కును తగిలించండి. పాత డిస్కు గనుక మొదట క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి దానితో ఆరోగ్యం చూడండి. ‘రీఎలొకేటెడ్ సెక్టార్స్’, ‘కరెంట్ పెండింగ్ సెక్టార్స్’ అన్న వరుసల్లో సున్నా కాకుండా ఏదైనా ఉండి పసుపు రంగులో హెచ్చరిస్తే, ఆ డిస్కును మార్చే ఆలోచన అక్కడితో ఆపేయండి. ఫోటోలు బయటికి తీయడానికే దాన్ని వాడండి. సరిగ్గా ఉంటే 380 జీబీ మొత్తాన్నీ 4 టీబీ డిస్కులోకి కాపీ చేయండి. ఇన్ని వేల ఫైళ్లకు మామూలు కాపీ పేస్ట్ కంటే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ నయం. మధ్యలో ఆగినా మళ్ళీ నడిపితే కాపీ అయినవాటిని వదిలేసి మిగిలినవే తీసుకుంటుంది, చివర్లో ఎన్ని ఫైళ్లు వెళ్లాయి, ఎన్ని విఫలమయ్యాయి అని పట్టిక వేస్తుంది. ఆ ‘ఫెయిల్డ్’ గడిలో సున్నా చూశాక పైన చెప్పినట్టే ప్రాపర్టీస్‌లో లెక్క సరిచూడండి.

ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయాలా, ఎక్స్‌ఫ్యాట్ చేయాలా? విండోస్‌లో మాత్రమే వాడేదైతే నేను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనేవాణ్ణి. 1993 నుంచి ఉంది, చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా రిజిస్టరు చిందరవందర కాదు. ఎఫ్ఏటీ32ను ఉన్నచోటే ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసే కమాండు కూడా విండోస్‌లోనే ఉంది: కన్వర్ట్ అని రాసి, డ్రైవ్ అక్షరం, కోలన్, ఆపైన ముందుకు వాలిన గీత, ఎఫ్‌ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఫైళ్లను కదపకుండా, ఖాళీ జాగాలో కొత్త రిజిస్టరు కట్టుకుంటుంది. అందుకే నిండుగా ఉన్న డిస్కులో అది పనిచేయదు. ఒకసారి మారాక వెనక్కి మార్చే కమాండు లేదు.

మీరు మ్యాక్‌లో వాడాలన్నారు కాబట్టి ఆ దారి మీకు కుదరదు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది గానీ, దానంతట అది అందులో రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌ను రెండూ చదువుతాయి, రెండూ రాస్తాయి. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టాక లినక్స్ కెర్నల్ 5.4లోనూ చేరింది. 4 జీబీ గోడ అందులో లేదు. పైన చెప్పిన కన్వర్ట్ కమాండుకు మాత్రం ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. ఫార్మాట్ చేయాల్సిందే. ఫోటోలు అప్పటికే 4 టీబీ డిస్కులో సరిచూసి ఉంటాయి కాబట్టి భయం లేదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్. ఈ ఒక్కసారికి ‘క్విక్ ఫార్మాట్’ గుర్తు తీసేయండి. గంటల సమయం పడుతుంది గానీ, విండోస్ ఆ డిస్కు మొత్తం మీదా సున్నాలు రాస్తూ పోతుంది కాబట్టి పాడైన చోట్లుంటే ఫోటోలు తిరిగి వేయకముందే బయటపడతాయి. అదయ్యాక ఫోటోలు వెనక్కి కాపీ చేయండి, 4 టీబీ డిస్కులో ఉన్నవి అలాగే ఉంచేయండి.

తిరిగి వేశాక ఫోటోల ఫోల్డరు ‘సైజ్ ఆన్ డిస్క్’ పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంత పెద్ద డిస్కులో ఎక్స్‌ఫ్యాట్ మామూలుగా 128 కేబీ ముక్కల్లో జాగా ఇస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అది 4 కేబీ. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇది నిజంగానే నష్టం, ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలుండే ఫోటోలకు పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఇంకొకటి: ఎక్స్‌ఫ్యాట్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కున్నలాంటి చిట్టా లేదు. రాస్తుండగా కేబుల్ పీకితే రిజిస్టరే దెబ్బతినవచ్చు. రెండు కంప్యూటర్ల మధ్య తిరిగే డిస్కు గనుక ప్రతిసారీ ‘ఎజెక్ట్’ చేసే తీయండి.

చివరిగా విండోస్ డిస్కు. దీన్ని మార్చే ముందు మీ కంప్యూటర్‌కు విండోస్ 11 అసలు వస్తుందో లేదో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్‌తో చూడండి. జీపీటీ ఒక్కటే చాలదు. యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ సౌకర్యం (నమ్మదగిన ప్రోగ్రామ్‌తోనే కంప్యూటర్‌ను లేవనిచ్చేది), టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా చిప్), వారి జాబితాలో ఉన్న ప్రాసెసర్, ఇవన్నీ కావాలి. ప్రాసెసరే జాబితాలో లేకపోతే డిస్కు మార్చి లాభం లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి మీ తొందర నాకు అర్థమవుతోంది. అయినా ఈ ఒక్కటి ముందు తేల్చుకోండి.

వస్తుందని తేలితే, మొదట 4 టీబీ డిస్కులోకి సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా ఆ డిస్కు మొత్తానికి నకలు, తీసి ఉంచుకోండి. మిగతా రెండు డిస్కుల కేబుళ్లు తీసేయండి. 2017లో విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం విండోస్‌లోనే వస్తోంది. ఇది విండోస్ ఉన్న డిస్కునే మారుస్తుంది, డేటా డిస్కును మార్చదు. మీ 4 టీబీ డిస్కుకు దీన్ని చెప్పకపోవడానికి అదే కారణం. డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉండకూడదు. సి పక్కన డి అని విడగొట్టుకున్న చాలామందికి అడ్డం పడేది ఇక్కడే. బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) వాడుతుంటే దాన్ని ముందు సస్పెండ్ చేయాలి. కమాండు పేరు తర్వాత ‘వ్యాలిడేట్’, ‘అలౌఫుల్ఓఎస్’ అన్న రెండు స్విచ్‌లు ఇచ్చి నడిపితే ఏమీ మార్చకుండా కుదురుతుందో లేదో మాత్రమే చెబుతుంది. కుదురుతుందంటేనే వ్యాలిడేట్ స్థానంలో ‘కన్వర్ట్’ పెట్టి మళ్ళీ నడపండి. అది విండోస్ పార్టిషన్ నుంచి కొంచెం జాగా తీసుకుని, యూఈఎఫ్ఐ లేవడానికి కావలసిన చిన్న పార్టిషన్ తయారుచేస్తుంది.

తర్వాత జరిగేది తెలియక చాలామంది బెదిరిపోతారు. కంప్యూటర్ మళ్ళీ పెడితే విండోస్ లేవదు. డిస్కు మారింది గానీ మదర్‌బోర్డు ఇంకా పాత పద్ధతిలోనే వెతుకుతోంది. బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి ‘లెగసీ’ లేదా ‘సీఎస్ఎం’ అని ఉన్నదాన్ని ‘యూఈఎఫ్ఐ’కి మార్చి సేవ్ చేస్తే మామూలుగా లేస్తుంది. కాబట్టి కన్వర్ట్ నడపకముందే ఒకసారి బయాస్‌లోకి వెళ్లి ఆ ఎంపిక మీ మదర్‌బోర్డులో ఉందని కళ్లారా చూసుకోండి. లేకపోతే ఆ డిస్కును ఎంబీఆర్‌గానే వదిలేయండి.

ఉచిత కన్వర్టర్ల గురించి అడిగారు. అన్నీ చూపించి, ఆఖరి ‘అప్లై’ దగ్గర డబ్బు కట్టమనేవి చాలా ఉన్నాయి. పైన చెప్పినవాటిలో జీడిస్క్, టెస్ట్‌డిస్క్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మాత్రమే బయటివి, మూడూ పూర్తిగా ఉచితం. మిగతావన్నీ మైక్రోసాఫ్ట్ వారు ఇచ్చేవే. సి డ్రైవ్‌లో పెట్టిన 60 జీబీ వీడియోలను మాత్రం విండోస్ 11 వేసుకుని ఓ వారం సాఫీగా నడిచేదాకా తీసేయకండి.